తాగని మందు

చర్మవ్యాధుల విభాగంలో కొత్తగా చేరిన డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. పెద్దాయన రిటైరయ్యాడు, ఊరికే కూర్చుని ఉంటాడు, నాలుగు మాటలు చెబుతాడని వస్తారు. నేను ఊరికే కూర్చోలేను, అదే నా ఇబ్బంది. వాళ్ళు టీ తాగుతుంటే లేచి కిటికీ దగ్గరికి పోతాను, తిరిగొచ్చి కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను. మా ఇంటి వెనక ఖాళీ జాగా దాటితే పత్తి చేను ఉంది. అక్కడ ఎవరైనా వీపున పంపు తగిలించుకొని మందు కొడుతుంటే నాకు మాట మీద ధ్యాస నిలవదు. ఆ మనిషి వీపు తడిసిందా, గాలికి ఎదురు నడుస్తున్నాడా, ముఖం తుడుచుకున్న తువ్వాలనే మెడకు చుట్టుకున్నాడా అని చూస్తుంటాను. ఒకసారి చెప్పుల్లేకుండానే పోయి కేకలేసి వచ్చాను. "దవాఖాన చేన్లకు గూడ వచ్చిందా ఇప్పుడు?" అంది మా ఆవిడ.

ఆ కుర్ర డాక్టర్లకు ముక్కలుముక్కలుగా చెప్పింది ఒకచోట రాసిపెడదామని ఇది మొదలుపెట్టాను. నేను ఎప్పుడు ఎక్కడికి బదిలీ అయ్యాను, ఏ హోదా ఎప్పుడొచ్చింది అనేవి ఇందులో ఉండవు. అవి డైరీల్లో ఉన్నాయి, అక్కడే ఉండనీ. వాటి వల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

ముందు ఎక్కడ అని అడగండి

చర్మ డాక్టరంటే తామర, గజ్జి, మొటిమలు అనుకుంటారు. చాలావరకు అంతే. మిగతా విభాగాల డాక్టర్లు మనల్ని కొంచెం తేలిగ్గా చూస్తారు, అది కూడా నిజమే. మన రోగులు చావరు, పూర్తిగా నయం కూడా కారు, మళ్ళీమళ్ళీ వస్తుంటారని వాళ్ళ హాస్యం. దానికి బాధపడకండి. మన పనిలో సగం వైద్యమైతే సగం ఆరా. మచ్చ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, అంచు గీత గీసినట్టుందా, కరిగిపోయినట్టుందా చూస్తే, ఆ మనిషి ఏం పని చేస్తాడో, ఏం పూసుకున్నాడో తెలిసిపోతుంది.

షాద్‌నగర్ వైపు ఉన్నప్పుడు ఫ్యాక్టరీల నుంచి కుర్రాళ్ళు వచ్చేవారు. చేతి తొడుగు ఎక్కడ అయిపోతుందో పొక్కులు అక్కడ మొదలయ్యేవి. ఒకామె నుదుటి మీద తెల్లమచ్చ చూసుకొని బొల్లి వచ్చిందని ఏడ్చింది. ఆ మచ్చ ఆమె పెట్టుకునే బొట్టుబిళ్ల లాగే గుండ్రంగా, సరిగ్గా అంతే ఉంది. బిళ్ల జిగురు చేసిన పని అది. మోకాలి నొప్పికి నల్లజీడి పూసుకున్న ఒక ముసలాయనకు మోకాలు కాలింది, దాంతోపాటు మొలతాడు కింద కూడా కాలింది. పూసిన చేత్తోనే మొలతాడు సర్దుకున్నాడు.

అందుకే నేను "ఏమైంది" అని మొదలుపెట్టను, "ఎక్కడ" అని మొదలుపెడతాను. కొత్త రోగి వస్తే డైరీలో మనిషి బొమ్మ గీసుకుంటాను, ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. మచ్చలున్న చోట పెన్సిలుతో నింపుతాను. తోటివాళ్ళు "డ్రాయింగ్ మాస్టారు" అని నవ్వేవారు. నవ్వనీ. బొమ్మ గీస్తున్నంతసేపు మీ నోరు మూసుకొని ఉంటుంది. ఆ కొద్దిసేపైనా రోగి ఒళ్ళు చెప్పేది చూస్తారు.

ఇంకొక సంగతి. ఒంటి మీద పడ్డది కడిగితే పోతుందని, కడిగేదాకా పైపైనే ఉంటుందని చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు. నీళ్ళ విషయంలో అది నిజం. నూనెలో కలిపిన పురుగుమందు అట్లా ఆగదు, తోలులోకి దిగి నెత్తుట్లో కలుస్తుంది. అరచేయి, అరికాలు మందం కాబట్టి నెమ్మదిగా దిగుతుంది. మెడ, నుదురు, చంక, గజ్జల్లో త్వరగా దిగుతుంది. ఎండకు ఒళ్ళు కాగి చెమట పడితే ఇంకా త్వరగా. పైన గుడ్డ కప్పి ఉంటే మరీ త్వరగా. దురద పెట్టేది, మంట పుట్టించేది నయం, మనిషి వెంటనే కడుక్కుంటాడు. ఏ నొప్పీ లేకుండా లోపలికి పోయేదాన్ని చూసి భయపడాలి.

ఈ మాటలు పుస్తకంలో నేనూ చదివాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. వాటికి అర్థం ఏమిటో బీరయ్య వచ్చినప్పుడు తెలిసింది.

బీరయ్య

తెలంగాణ వచ్చిన తర్వాతి సంగతి. అప్పుడు జిల్లాలోని ఒక ప్రభుత్వ దవాఖానలో పనిచేస్తున్నాను. బీరయ్యది నార్కట్‌పల్లి అవతల ఒక ఊరు. కురుమ. గొర్రెల మంద ఉంది, కొంత పత్తి చేను ఉంది. మంద వెనక నడుస్తూ నడుస్తూ కూలిపోతే ఆటోలో వేసుకొని తెచ్చారు. నోట్లో నురగ, ఒళ్ళంతా చెమట, కనుపాపలు సూదిమొనంత, మీద పత్తిమందు వాసన. పత్తి పండే జిల్లాలో అలాంటి మనిషి వస్తే ఎవరూ ప్రశ్నలడగరు. పురుగుమందు తాగాడన్నారు. గొట్టం వేసి కడుపు కడిగారు, బట్టలు విప్పి ఒళ్ళు కడిగారు, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, పోలీసులకు కబురుచేశారు. అందులో తప్పేమీ లేదు. ఆ ఇంజెక్షన్లే అతన్ని బతికించాయి. ఆ విషం నోటి నుంచి పోయినా తోలు నుంచి పోయినా ఇంజెక్షన్లు అవే. తేడా మనిషి ఇంటికి పోయాక మొదలవుతుంది.

కోలుకొని ఇంటికి పోయాడు. కొన్ని వారాలకు మళ్ళీ అదే ఆటోలో, అదే స్థితిలో వచ్చాడు. నేను అతన్ని చూసింది ఈ రెండోసారే. భుజం మీద ఏదో ఎలర్జీ ఉంది, వీలున్నప్పుడు చూడమని వార్డు నుంచి సిస్టర్ కబురు పంపింది. నేను వెళ్ళేసరికి మంచం దగ్గర మా సూపరింటెండెంట్ ఉన్నాడు. ప్రాణం పోయే మనిషిని నిలబెట్టడంలో ఆయనకు సాటి నాకు తెలిసి ఆ చుట్టుపక్కల లేరు. ఎంత రద్దీలోనూ గొంతు పెంచడు. అయితే ఒకసారి ఒక మాట అన్నాడంటే దాన్ని వెనక్కి తీసుకోడు. అది నాకు ఆయనలో నచ్చనిది.

"మళ్ళ తాగినవా బీరయ్యా? పోయినసారి ఒట్టేసి పోయినవ్ గద?"

బీరయ్యకు నాలుక తిరగడం లేదు. "తాగలే సారూ. బీరప్ప దేవుని మీద ఆన. నేను తాగలే."

"అందరు గట్లనే అంటరు."

మంచానికి ఆ పక్క బీరయ్య అన్న ఐలయ్య, భుజాన గొంగడి వేసుకొని నిలబడి ఉన్నాడు. ఈ పక్క బీరయ్య భార్య కొమురమ్మ. ఐలయ్య మాట సూపరింటెండెంటుతోనే, చూపు మాత్రం మరదలి మీద.

"నా తమ్ముడు బంగారమసోంటోడు సారూ. ఇంట్ల పోరు పడలేక తాగుతున్నడు. గీమె నోరు గసోంటిది."

"నేనేమన్న బావా? సంగటి చల్లగైంది తినమన్న, గంతే."

"నువ్వేమన్నవో మా కులపోళ్ళందరికి ఎర్కనే. పెద్దమనుషులు కూసొని మాట్లాడిన్రు. వాడు లేస్తే లేస్తడు, లేకుంటే లేదు. గొర్లు నా మందల కలుపుకుంట. పోరగాండ్లు నా తాన ఉంటరు. నువ్వు మీ తల్లిగారింటికి పో."

కొమురమ్మ ఏడవలేదు. బీరయ్య దుప్పటి అంచు గట్టిగా పట్టుకొని నిలబడింది. సూపరింటెండెంట్ వాచీ చూసుకొని పక్క మంచానికి కదిలాడు. ఇంటి తగాదాలు ఆయన వినడు. నేను పెన్సిలు తీశాను.

ఒక కన్ను

బీరయ్య ఎడమ భుజం, మెడ వెనక భాగం, ఎడమ చంక, ఎడమ మోచేతి మడత ఎర్రగా పొక్కి తోలు లేస్తోంది. కుడివైపు ఏమీ లేదు. మందు తాగేవాడి చేయి వణికి ఒలికితే పెదవి మీద, గడ్డం మీద, రొమ్ము మీద పడుతుంది. ఎడమ భుజం మీద ఎందుకు పడుతుంది? పంపు కారినా వీపు మధ్యన, నడుము మీద ఉండాలి. బొమ్మ నింపాను కానీ అది దేనికీ సరిపోవడం లేదు. నాకు చిరాకుగా ఉంది. ఐలయ్య మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి.

వరండాలోకి వస్తే కొమురమ్మ గోడకు ఆనుకొని ఉంది. ఇప్పుడు కన్ను తుడుచుకుంటోంది. సిస్టర్ అంది: "వచ్చిన కాడికెల్లి ఏడుస్తనే ఉంది సార్."

చూశాను. నీళ్ళు కుడి కంటి నుంచే కారుతున్నాయి. ఎడమ కన్ను పొడిగా ఉంది. ఏడిస్తే రెండు కళ్ళూ తడవాలి కదా. దగ్గరికి పోయి మొహం వెలుతురు వైపు తిప్పమన్నాను. కుడి చెంప ఎర్రగా పొక్కి ఉంది. ఎడమ కంటిపాప మామూలుగా ఉంది. కుడి కంటిపాప ఆవగింజంత ఉంది.

"అమ్మా, ఏ పక్కకు పండుకుంటవ్ నువ్వు?"

"గిట్ల సారూ. కుడిపక్కకు." అని చెంప కింద చేయి పెట్టి చూపించింది.

"తలకింద ఏం పెట్టుకుంటవ్?"

"ఇంకేముంటది, ఆయన గొంగడే." పక్కనున్న మూటలోంచి నల్లటి మడత తీసింది.

దగ్గరికి తెస్తే ముందు గొర్రె వాసన వచ్చింది. దాని వెనక, సన్నగా, పత్తిమందు వాసన.

గొర్రెలు కాసేవాళ్ళు గొంగడి ఎట్లా వేసుకుంటారో మీరు ఎప్పుడైనా గమనించారా? మడిచి ఎడమ భుజాన వేస్తారు, వాన పడితే తల మీదికి లాక్కుంటారు. కుడిచేతికి కట్టె ఉంటుంది. నా బొమ్మలో పెన్సిలుతో నింపిన చోటు సరిగ్గా అదే.

దవాఖానలో పద్ధతి ప్రకారం లుంగీ తీశారు, బనీను తీశారు, రెండూ పారేశారు. గొంగడిని ఎవరూ బట్ట అనుకోలేదు. చెంబు, సంచి లాగా అదీ ఒక సామాను. సామాను భార్య చేతికిచ్చారు. ఇంటికి పంపే రోజు, బలహీనంగా ఉన్నాడు, చలి పెడుతుందని వార్డువాళ్ళే దయతో దాన్ని అతని భుజాన కప్పి ఆటో ఎక్కించారు.

సిస్టర్‌కు చెప్పి అప్పటికప్పుడు కొమురమ్మ కన్ను, చెంప, చేతులు కడిగించాను. గొంగడిని ప్లాస్టిక్ సంచిలో వేయించాను.

గొర్రెపిల్లలు

బీరయ్యకు మాట స్పష్టంగా వచ్చాక పక్కన కూర్చున్నాను.

"భయపడకు. తాగినవా అని నేను అడుగుత లేను. నీ గొంగడికి మందు ఎట్ల తగిలింది?"

"గొర్లకు గోమార్లు పట్టినయ్ సారూ, ఒళ్ళంత." పిడుదుల్ని ఆ ఊళ్ళలో గోమార్లంటారు. "పశువుల దవాఖానల మందు లేదన్నరు. మా అన్న తాన పత్తికి కొట్టంగ మిగిలిన డబ్బ ఉండె. పురుగు సచ్చే మందుకు గోమారి సావదా అని తొట్టి నీళ్ళల్ల కలిపి ముంచిన."

"చేతులకు తగిలింది గద?"

"సబ్బు పెట్టి కడుక్కున్న. గంత తెల్వనోన్ని గాదు."

"మరి గొంగడి?"

"పిల్లలు వణికినయ్ సారూ. పెద్దవాటికి ఏం గాలే గని, పిల్లలు ముంచంగనే సల్లగై గడగడ వణుకుతున్నయ్. చూడబుద్ధి గాలే. ఒకదానెంక ఒకటి గొంగట్ల సుట్టి, సంకన పెట్టుకొని, ఆరిందాక తిరిగిన." ఎడమ చంక కేసి చూసుకున్నాడు. "కొన్ని సచ్చినయ్. సలికి సచ్చినయనుకున్న."

దాని గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అజాగ్రత్త మనిషి కాదు, చేతులు కడుక్కున్నాడు. పిల్లల మీది తడి అంతా గొంగడి పీల్చుకుంది. ఉన్నిలో సహజంగా ఉండే జిడ్డుకు నూనె మందు అంటుకుంటే తేలిగ్గా వదలదు. చింతగింజల గంజి పెట్టి గట్టిగా తయారుచేసిన గొంగడికి ఎవరూ సబ్బు పెట్టరు, పెడితే పాడవుతుంది. వాన జల్లు పడ్డ రోజు, ఎండకు చెమట కారిన రోజు, ఆ తడికి మందు కొంచెం కొంచెం భుజంలోకి దిగింది. దవాఖాన నుంచి పోయిన మనిషి మళ్ళీ అదే భుజాన వేసుకొని మంద వెనక నడిచాడు.

సూపరింటెండెంట్

ఆయన గదికి పోయి చెప్పాను. వింటూనే తల అడ్డంగా ఊపాడు. "భుజంకెల్లి గంత ఎక్కుతదా? రెండుసార్లు వెంటిలేటర్ దాకా వచ్చిన మనిషి. నువ్వు చర్మం డాక్టరువి, నీకన్నీ చర్మంలనే కనపడ్తయ్."

"ఆయన్ని చూడకండి సార్. ఆమెను చూడండి. ఆమె గూడ తాగిందంటరా?"

విసుగ్గా లేచి వచ్చాడు. కొమురమ్మ కుడి కంట్లోకి టార్చి వేశాడు, ఎడమ కంట్లోకి వేశాడు. మళ్ళీ కుడి. "కంట్ల ఏమన్న చుక్కలేసుకున్నవా అమ్మా?" "ఏం ఏసుకోలే సారూ." టార్చి ఆర్పాడు. సంచిలో ఉన్న గొంగడి కోసం చేయి చాపితే "గ్లౌజులు సార్" అన్నాను. చేయి వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత ఆయన చేసిన పనికి నేను ఆయన్ని ఇవాళ్టికీ గౌరవిస్తాను. నన్ను గదిలోకి పిలిచి ఒప్పుకొని ఊరుకోవచ్చు. చాలామంది అంతే చేస్తారు. ఆయన నేరుగా వార్డులోకి నడిచి, అన్ని మంచాలకూ వినపడేట్టు అన్నాడు: "ఐలయ్యా, ఇటు రా. నీ తమ్ముడు తాగలే. తాగిండని నేనే తప్పు చెప్పిన."

ఐలయ్య నోరు తెరిచాడు. "మరి మందు లోపటికెట్ల పోయింది సారూ?"

"గొంగట్లకెల్లి."

"గొంగట్లకెల్లా! బయట చెప్తే నవ్వుతరు సారూ."

నేను గొర్రెపిల్లల సంగతి చెప్పాను. మొదట ఒక నవ్వు మొహంతో విన్నాడు. చెబుతుండగానే నవ్వు పోయింది. "ఆ డబ్బ నాదే," అన్నాడు. "వాడు ముంచినంక, మిగిలిన నీళ్ళల్ల నా గొర్లను గూడ ముంచి, పిల్లలను గీ గొంగట్లనే..." మాట ఆపి, తన భుజం మీది గొంగడిని రెండు వేళ్ళతో మెల్లగా పైకి లేపాడు. చొక్కా పక్కకు తీసి చూశాను. ఎడమ భుజం ఎర్రగా ఉంది. అతను మందను జీతగాడికి అప్పగించి చెట్టు నీడన కూర్చునే మనిషి కాబట్టి అంత చెమట పట్టలేదేమో, అంతే తేడా.

గొంగడి పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. భుజాన వేసుకోలేడు. నలుగురు తొక్కే నేల మీద పడేయలేడు.

కొమురమ్మ అప్పుడు అంది: "గొర్లు తోలుకపోతనంటివి గద బావా. ఆ గొంగడి గూడ తోలుకపో."

వార్డులో ఎవరో కిసుక్కుమన్నారు. ఐలయ్య క్షమించమని అనలేదు. గొర్రెల మాట, పిల్లల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక ఆదివారం, మూతి కట్టిన సంచుల్లో ఆ రెండు గొంగళ్ళూ తీసుకొని వాళ్ళ ఊరికి పోయాను. ఉతికితే మందు పోతుందా అని కొమురమ్మ అడిగితే, నిజం చెప్పాను: నాకు తెలియదు, ఎంత పోయిందో చూసే పరికరం నా దగ్గర లేదు, కాబట్టి వేసుకోవద్దు. కాలిస్తే పొగలో విషం. చివరకు బాయికి దూరంగా, చేతులకు తొడుగులేసుకొని, బీరయ్యే గుంత తవ్వాడు. రెండు గొంగళ్ళూ మడత చెదరకుండా పెట్టాడు. చుట్టూ నిలబడ్డ కురుమల్లో ఒక పెద్దాయన "మనిషిని పెట్టినట్టే ఉన్నదిరా" అన్నాడు.

కొత్తవాళ్ళకు

మందు తగిలి వచ్చిన మనిషి ఒంటి మీద ఏదీ మిగల్చకండి. మొలతాడు, తాయెత్తు, తలపాగా, చెప్పులు, అన్నీ. వెంట వచ్చిన గుడ్డ ఏదైనా ఇంటికి తిరిగి పోకూడదు. పక్కన కూర్చున్న మనిషిని కూడా చూడండి. "తాగలే" అంటే నమ్మమని నేను చెప్పను, చాలామంది తాగే వస్తారు, తాగలేదనే అంటారు. చొక్కా విప్పి చూడమంటాను. చూడటానికి ఎంతసేపు పడుతుంది?

బీరయ్యకు ముందు ఎంతమంది అదే మాట అని, ఎవరూ చొక్కా విప్పి చూడకుండానే ఇంటికి పోయారో నాకు తెలియదు. పాత డైరీల్లో వాళ్ళ బొమ్మలు లేవు, వాళ్ళు నా దాకా రానేలేదు. ఈ ప్రశ్న నన్ను కూర్చోనివ్వదు.

నార్కట్‌పల్లిలో

ఈమధ్య ఒక పని మీద పోయి, నల్గొండ బస్సు కోసం నార్కట్‌పల్లిలో నిలబడ్డాను. జనంలోంచి ఒకామె వచ్చి నా ఎదుట నిలబడి, కళ్ళు పెద్దవి చేసింది.

"సూడున్రి సారూ, రెండు సమంగున్నయా?"

కొమురమ్మ. సమంగానే ఉన్నాయి. బీరయ్య ఎట్లా ఉన్నాడంటే, మంచిగున్నడు, గొర్లెంబడి పోయిండు, చలైనా వానైనా తువ్వాలతోనే తిరుగుతున్నడు, కొత్త గొంగడి కొంటనంటే వద్దంటడు అని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మందు పోయింది గని సారూ, ఆ మాట పోలే. బిడ్డకు సంబంధం చూస్తున్నం. వాళ్ళయ్య రెండుసార్లు తాగిండట గద, ఇంట్ల ఏం బాధనో అని అడుగుతున్నరు." పక్కనే సంచి పట్టుకొని నిలబడ్డ ఒక పెద్దామె చేయి పట్టుకొని ముందుకు లాగింది. "గీమె పిలగానికి మేనత్త. జర గీమెకు చెప్పున్రి."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆయన తాగలేదమ్మా," అన్నాను. "నేను చూసిన."

"మరెట్ల పోయింది లోపటికి?"

"గొంగట్లకెల్లి."

"గొంగట్లకెల్లా?" ఆమె పెదవి విరిచింది.

నల్గొండ బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. నేను ఎక్కలేదు. డైరీ తీసి, సంచి మీద ఆనించి, మనిషి బొమ్మ ఒకటి గీశాను, ముందువైపు, వెనకవైపు. ఎడమ భుజాన్ని పెన్సిలుతో నింపడం మొదలుపెట్టాను.

"ఇగో, ఇటు చూడమ్మా," అన్నాను.

ఆమె సంచి కింద పెట్టి వంగి చూసింది.